డిక్కీలో రెండో వీలునామా

2009 అక్టోబరు 14, బుధవారం. మూడు రోజులుగా విడవని వాన. పొద్దున్న కాస్త తెరిపి ఇచ్చినట్టే ఇచ్చి, పదింటికి మళ్ళీ అందుకుంది. ఊరి బయట పట్టాల మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచి, ముందురోజు రాత్రి నుంచి రైళ్ళు ఆపేశారు. మా బావమరిది రాలేదు. ఇదంతా నా డైరీలో ఉంది. 'బావమరిది రాలేదు' అన్న మాట కింద గీత కూడా గీశాను. ఆయన వస్తే వారం రోజుల పాటు నా పడక్కుర్చీ నాది కాదు.

తేదీ ఎందుకు చెప్పానో తరవాత చెబుతాను. "మీ కథలో దెయ్యం వచ్చేలోపు వినేవాళ్ళే దెయ్యాలైపోతారు" అని మా ఆవిడ ఎప్పుడూ అంటుంది. అందుకని తిన్నగా షెడ్డు దగ్గరికే వెళ్దాం.

మా వీధి చివర, రైలు కట్టకి పాతిక గజాల దూరంలో ఒక రేకుల షెడ్డు. రెండు చెక్క తలుపులు, ఒకప్పుడు ఆకుపచ్చ రంగువి. పక్కనే ఒక చిన్న గది. గది కిటికీకి ఒక అద్దం పగిలితే అక్కడ అచ్చు కాగితం అంటించి ఉండేది. ఆ షెడ్డులో ఒక పాత నల్ల కారు. వెనక భాగం గుండ్రంగా, ముందు భాగం గంభీరంగా, నలభై ఏళ్ళ నాటిది. కారు యజమాని, అందరూ పెద్దాయన అనే మనిషి, పోయి మూడేళ్ళు.

చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళేవారు కాదు. పాలవాడు షెడ్డు ముందుకి రాగానే, బెల్లు కొట్టుకుంటూ, తల తిప్పకుండా తొక్కుకుపోయేవాడు. దారిలో మనిషి లేకపోయినా సరే — బెల్లు.

ఎందుకంటే రాత్రి ఏడూ నలభైకి, ఆ కారు డిక్కీలోంచి చప్పుడు వచ్చేది.

టక్... టక్టక్... టకటకటక... టక్.

అరనిమిషం. అంతే. మళ్ళీ మర్నాడు.

పిల్లి అన్నారు కొందరు. తాళం వేసిన డిక్కీలో పిల్లి మూడేళ్ళు బతకదు కదా. ఎలుక అన్నారు. ఎలుకకి గడియారం చూడటం రాదు. అప్పుడు ఒకాయన — పెద్దాయన అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు అక్షరాలు కూర్చిన ముసలి కంపోజిటరు — ఒకరోజు షెడ్డు గోడకి చెవి ఆనించి విని, వెనక్కి తిరిగి నడుస్తూ అన్నాడట.

"ఈ చప్పుడు నాకు తెలుసు. సీసం అక్షరాలు ఒక్కోటీ వరస పేర్చే స్టిక్కులో పడుతున్నాయి. పెద్దాయన ఏదో కంపోజు చేస్తున్నారు."

"ఏం కంపోజు చేస్తారండీ ఇప్పుడు?"

"ఇంకేముంటుంది? కొత్త వీలునామా."

ఆ మాట వీధంతా పాకింది. పెద్దాయన పిల్లల చెవినా పడింది. చచ్చిపోయినాయన రోజుకి అరనిమిషం చొప్పున రెండో వీలునామా కూరుస్తున్నాడంటే, మొదటి వీలునామాతో ఆస్తి తిన్నవాళ్ళకి నిద్ర ఎలా పడుతుంది?

ఇంతకీ పెద్దాయన సంగతి. అచ్చాఫీసు నడిపి, ఆఖరికి ఎనభై ఒకటో ఏట పోయాడు. మంచి నవ్వు. ఆ నవ్వు కట్టుడు పళ్ళదని ఊరందరికీ తెలుసు. పై సెట్టూ కింది సెట్టూ, రెండు పక్కలా బంగారు కొక్కేలు. ఎవరైనా మెచ్చుకుంటే కావాలని ఇంకాస్త వెడల్పుగా నవ్వేవాడు, కొక్కేలు కనపడేలా. ఆయనకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకుని అందరూ పెద్దబ్బాయి అనేవారు. జుట్టు తెల్లబడ్డా పెద్దబ్బాయే. ఆఖరి ఆరేళ్ళూ పెద్దాయన్ని చూసుకున్నది మాత్రం ఒక ఆయమ్మ.

వీలునామాలో ఇల్లూ అచ్చాఫీసూ కొడుక్కి, కారు కూతురికి, షెడ్డూ దాని పక్క గదీ ఆయమ్మకి రాశాడు. ఆమెకి వేరే గూడు లేదు.

ఒక సాయంత్రం పెద్దాయన షెడ్డులో, కారు పక్కన, నేల మీద పడి ఉన్నాడు. పక్షవాతం. మొదట చూసింది ఆయమ్మే. నోట మాట లేదు, ఒక చెయ్యి ఆడదు. రెండో చేత్తో నోటి మీద కొట్టుకుంటూ కారు వైపు చూపిస్తాడు. ఆకలేమో అనుకున్నారు, ఆసుపత్రికి కారులో తీసుకెళ్ళమంటున్నాడేమో అనుకున్నారు. రెండు రోజుల్లో పోయాడు.

అప్పుడు చూస్తే నోట్లో పళ్ళు లేవు. ఇంట్లో లేవు. ఆసుపత్రిలో లేవు. షెడ్డు నేలంతా ఊడ్చారు, లేవు.

బంగారు కొక్కేలు కదా. మొదట చూసింది ఆమె కదా. అందరి కళ్ళూ ఆయమ్మ వైపు తిరిగాయి.

పెద్దబ్బాయి పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే బాగుండేది, ఏదో ఒకటి తేలేది. ఆయన ఒక్క మాట అన్నాడు: "నాన్న పళ్ళు తెచ్చి ఇయ్యి. గది తాళం తీసుకో."

మూడేళ్ళు ఆ తాళం ఆయన జేబులోనే ఉంది. ఆయమ్మని మళ్ళీ ఏ ఇంట్లోనూ ముసలివాళ్ళ దగ్గర పెట్టుకోలేదు. 'పళ్ళ ఆయమ్మ' అన్న పేరు మాత్రం పెట్టారు. ఎక్కడో మెట్ల కింద గదిలో ఎవరి దయ మీదో పడుకునేది. మా ఆవిడ ఒకసారి ఆమెని పనికి పిలుద్దామంటే — సిగ్గుపడుతూ చెబుతున్నాను — నేనే వద్దన్నాను.

ఇక మేస్త్రి. ఈ కథ నాకు చెప్పింది ఆయనే. కార్ల రేకు పని చేస్తాడు: సొట్టలు తియ్యడం, తుప్పు కొయ్యడం, రంగు వెయ్యడం. అందరూ టకటక మేస్త్రి అంటారు. ఎక్కడికెళ్ళినా వేలి కణుపులతో కొట్టి చూస్తాడు. కారు తలుపు, ఇంటి తలుపు, గోడ, పుచ్చకాయ. నాకు గుండెనొప్పి వచ్చి ఇంటికి తిరిగొచ్చినప్పుడు పలకరించడానికి వచ్చి నా ఛాతీ మీద కూడా రెండు కొట్టాడు. "బానే ఉంది సార్, లోపల గాలి లేదు" అన్నాడు. డాక్టరు చెప్పినదానికంటే అదే నాకు ధైర్యంగా అనిపించింది.

ఆ అక్టోబరులో పెద్దాయన కూతురు మేస్త్రిని పిలిచింది.

"మేస్త్రీ, కారు నాది. శుక్రవారం తీసుకెళ్ళిపోతా. ఈలోగా డిక్కీకి తుప్పు పని చేసి, చప్పుడు రాకుండా షీట్లు వెయ్యాలి."

"కారు మొత్తానికా అమ్మా?"

"డిక్కీకి మాత్రమే."

మేస్త్రి ఆమె మొహం చూశాడు. ముప్పై ఏళ్ళలో చాలా కార్లకి షీట్లు వేశాడు. అందరూ తలుపులకి వేయించుకుంటారు, కాళ్ళ కింద వేయించుకుంటారు. ఒక్క డిక్కీకే చప్పుడు బయటికి రాకూడదని అడిగినవాళ్ళు లేరు.

"కారు మీదేగా, నా దుకాణానికి తోలుకుపోనా?"

"అన్నయ్య ఒప్పుకోడు. గది, షెడ్డు తగాదా తేలేదాకా కారు గుమ్మం దాటకూడదంటాడు. చివరికి శుక్రవారం అన్నాడు. అది కూడా లాయరు నోటీసు పంపిస్తే."

పెద్దబ్బాయి తాళంచెవి తెచ్చాడు. డిక్కీ తాళంచెవి అది ఒక్కటే. పెద్దాయన దాన్ని మెళ్ళో దారానికి కట్టుకుని ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాడు. పోయాక నర్సు తీసి కొడుకు చేతిలో పెట్టింది. పెద్దబ్బాయి షెడ్డు గుమ్మం అవతలే, గొడుగు కింద నిలబడి, చెయ్యి చాచి ఇచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఏడున్నరకల్లా మూసేసి వచ్చెయ్యి మేస్త్రీ."

"ఏం బాబూ?"

"రమ్మన్నాను, అంతే. ఏ చప్పుడు విన్నా డిక్కీ మూసెయ్. లోపల అటూ ఇటూ వెతక్కు."

వెతకద్దు అన్నాడంటే వెతకాల్సింది ఉన్నట్టే కదా. మేస్త్రి ఆ మాట పట్టుకున్నాడు.

సోమవారం పని మొదలు. డిక్కీ ఎత్తగానే మురిగిన నీటి వాసన. చాప తీస్తే కింద గోనెపట్టా కుళ్ళి ముద్దయి ఉంది. అదనపు చక్రం తీస్తే దాని కింద రేకు బిస్కెట్టులా పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. తుప్పు పని గురించి మేస్త్రి ఎప్పుడూ ఒకటే అంటాడు: ముందు తుప్పు, తరవాతే చప్పుడు. తుప్పు మీద షీటు అంటిస్తే చీము మీద పట్టీ కట్టినట్టే, పైకి బాగుంటుంది, లోపల తింటూనే ఉంటుంది.

ఇనప బ్రష్షుతో గీకాడు. చిల్లులు పడ్డచోట కొత్త రేకు అతికాడు. తుప్పు మందు రాశాడు. ఎర్రగా ఉన్నది నల్లబడింది.

ఏడూ నలభైకి రోజూ వెళ్ళే గూడ్సు బండి వచ్చింది. నేల సన్నగా అదిరింది. షెడ్డు రేకులు గలగలమన్నాయి.

డిక్కీలోంచి... టక్. టక్టక్. టకటకటక.

మేస్త్రి చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. బండి వెళ్ళిపోయింది. చప్పుడు ఆగింది. గొడుగు కింద పెద్దబ్బాయి లేడు — ఏడున్నరకే మాయం.

మర్నాడు మేస్త్రి వచ్చి నాకు ఇది చెప్పాడు. నేను బి.ఎస్సీ. ఫిజిక్సు, ఆ చదువుతోనే తూనికలూ కొలతల ఆఫీసులో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఇలాంటిది దొరికితే వదులుతానా?

"అనునాదం అంటారు మేస్త్రీ. రైలు అదురుకి లోపల వదులుగా ఉన్నదేదో ఊగుతోంది. నట్టో బోల్టో."

"నేనూ అదే అనుకున్నా సార్. జేబులు చూస్తా."

జేబులంటే: ఆ రకం పాత కార్లలో డిక్కీకి రెండు పక్కలా, చక్రం గూడుకీ బయటి రేకుకీ మధ్య, సన్నటి లోతైన సందు ఉంటుంది. పైనుంచి ఏది జారినా అందులోకే పోతుంది. మేస్త్రీలు దాన్ని జేబు అంటారు. ప్రతి పాత కారు జేబులోనూ ఎవడో పోగొట్టుకున్న స్పానరు ఒకటి ఉంటుందని వాళ్ళ లెక్క. అందుకని ప్రతివాడి పెట్టెలోనూ తాడు కట్టిన అయస్కాంతం ఉంటుంది, పాత రేడియో స్పీకరులోంచి పీకినది. జేబులోకి వదిలి, తిప్పి, పైకి లాగడమే. అయస్కాంతం ఉత్తదే పైకొస్తే జేబు ఖాళీ.

మంగళవారం రెండు జేబుల్లోనూ వదిలాడు. కుడి దాంట్లోంచి రెండు వాషర్లు. ఎడమ దాంట్లోంచి ఒక స్పానరు, ఒక బోల్టు, ఒక సీసా మూత. మళ్ళీ వదిలాడు — ఉత్తదే. మూడోసారి — ఉత్తదే.

ఖాళీ.

ఎర్ర ప్రైమరు వేశాడు, వానలో ఆరక బల్బు వేలాడదీసి పోయాడు.

బుధవారం షీట్లు. వెనకంతా తారు, పైన వెండి కాగితం. వేడి గాలి తగిలించి, మెత్తబడ్డాక అంటించి, చిన్న రోలరుతో గట్టిగా నొక్కాలి. బుడగ ఉండకూడదు. అంటించక ముందు కణుపుతో కొడితే రేకు గంటలా మోగుతుంది. అంటించాక — దబ్. దిండు మీద కొట్టినట్టు. నేల, మూత, కుడి పక్క అయిపోయాయి. ఎడమ జేబు ఒక్కటి మిగిలింది. దాని నోరు మూస్తూ షీటు అంటిస్తే పని పూర్తి.

అప్పుడు బయట అలికిడి.

ఆయమ్మ. తల మీద గోనెసంచి కప్పుకుని, చూరు కింద, గుమ్మానికి అవతల.

"లోపలికి రా అక్కా, తడుస్తున్నావ్."

"నేను రాను తమ్ముడూ. వస్తే మళ్ళీ ఏదో పోయిందంటారు."

ఆమె తల మీద గోనెసంచి ఇంకాస్త ముందుకి లాక్కుంది.

"ఆ చప్పుడు ఆపేస్తున్నావటగా?"

"ఆపమన్నారు."

"ఇంకో నాలుగు రోజులు ఆగకూడదూ?"

"ఎందుకక్కా?"

ఆమె కారు వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ అంది. "ఆయన రాసేది అయిపోతుందేమోనని. ఆ మనిషికి నేను తియ్యలేదని తెలుసు. తెలిసినాయన ఒక్కడే. రాస్తే అదే రాస్తాడు."

మేస్త్రి దెయ్యాల్ని నమ్మేవాడు కాదు. కానీ ఇలా ఎదురుచూసేవాళ్ళని చూసి నవ్వేవాడూ కాదు.

ఆమె వెళ్ళిపోయింది. మేస్త్రి షీటు చేతిలోకి తీసుకున్నాడు. వేడి గాలి మిషను తీశాడు. జేబు నోటి దగ్గర పెట్టబోయాడు —

టక్.

రేకుల మీద వాన మోత. ఆ మోతలోంచే.

టక్... టక్టక్... టకటకటక...

గడియారం చూసుకున్నాడు. ఏడూ నలభై. గూడ్సు అనుకున్నాడు. వానలో బండి చప్పుడు వినబడలేదు, అంతే అనుకున్నాడు.

నేల మీద కణుపుతో కొట్టాడు — దబ్. మూత మీద — దబ్. కుడి పక్క — దబ్. అంతా చచ్చిన చప్పుడు. ఎడమ జేబు మీద రెండు కొట్టాడు.

టక్. టక్.

లోపల్నుంచి... రెండు.

మేస్త్రి మూడు కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలీదు.

టక్. టక్. టక్.

"అప్పుడు పారిపోవాల్సింది సార్," అని నాతో అన్నాడు మేస్త్రి. "కాళ్ళు పారిపోదామనే అన్నాయి. కానీ అయస్కాంతం ఖాళీ అంది. ఖాళీ అని నేను చెప్పిన జేబు. నా నోటితో ఖాళీ అన్న చోట ఎవడున్నాడో చూడకుండా మూతేస్తే, ఇంక జన్మలో నేను ఏ రేకు మీద కొట్టినా దాని జవాబు నమ్మలేను."

పెద్దబ్బాయి మాట కూడా గుర్తొచ్చింది. వెతక్కు.

చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. డిక్కీలోకి ఒరిగి పడుకుని, ఎడమ జేబులోకి చెయ్యి దింపాడు. మోచెయ్యి దాకా. ఇంకా. భుజం దాకా. లైటు ఆయన వీపు వెనక ఉండిపోయింది, లోపల చీకటి. చల్లటి బురద. బురదలో మెత్తగా ఏదో గుడ్డ... గుడ్డ కింద గట్టిగా, నున్నగా...

కరిచింది.

చూపుడు వేలు. రెండు వైపుల నుంచీ.

మేస్త్రి అరుపు వానలో కలిసిపోయింది. చెయ్యి లాగాడు. లాగినకొద్దీ ఇంకా గట్టిగా కరిచింది. మళ్ళీ లాగాడు. వదల్లేదు. ఆ ఇరుకులో మోకాళ్ళతో బంపరుని తన్నుతూ, "వదులు పెద్దాయనా, వదులు, నేను కాదు, నాకు తెలీదు" అని ఎంతసేపు అన్నాడో — ఒక్కసారి చెయ్యి ఊడి పైకి వచ్చింది. దాంతోపాటు అదీ వచ్చింది.

బల్బు వెలుగులో, ఆయన చూపుడు వేలు పట్టుకుని వేలాడుతూ, బురద కారుతూ, నవ్వుతూ...

పెద్దాయన నవ్వు. పై సెట్టూ కింది సెట్టూ. బంగారు కొక్కేలతో సహా.

కుళ్ళిన చేతిరుమాలులో చుట్టి ఉన్నాయవి. వేలు రెంటి మధ్యకీ దూరింది. పైకి లాగుతుంటే సందులో ఇరుక్కుని రెండూ వేలిని నొక్కేశాయి. బంగారమూ, కట్టుడు పళ్ళూ అయస్కాంతానికి అంటవు. మేస్త్రికి అది తెలుసు. నాకూ తెలుసు. కానీ ముప్పై ఏళ్ళుగా 'ఉత్త అయస్కాంతం అంటే ఖాళీ జేబు' అని అలవాటు పడ్డ చేతికి తెలీలేదు.

మేస్త్రి నేల మీద కూలబడి, నవ్వి, మళ్ళీ కాసేపు ఏడ్చాడట. తరవాత జేబు మొత్తం చేత్తో తోడాడు. ఒక పెన్ను. ఒక కళ్ళజోడు. చొక్కా జేబులో ఏముంటాయో అవే. సంగతి అర్థమైంది. ఆరోజు చిగుళ్ళు నొప్పెట్టి పెద్దాయన పళ్ళు తీసి, రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తుప్పు ఎంత పాకిందో చూద్దామని డిక్కీలోకి వంగాడు. అన్నీ కలిసి జారిపోయాయి. మూత వేసి, తాళం పెట్టి, ఎవరినైనా పిలుద్దామని తిరిగాడో లేదో పడిపోయాడు. తాళంచెవి మెళ్ళో ఉంది. అది ఆయమ్మ చేతికి ఏనాడూ రాలేదు.

గురువారం పొద్దున్న మేస్త్రి తెలివైన పని చేశాడు. పెద్దబ్బాయికి చెప్పక ముందే కూతురికి ఫోను చేశాడు, ఆయమ్మని పిలిపించాడు, సాక్ష్యానికి నన్నూ రమ్మన్నాడు. నేను గొడుగేసుకుని వెళ్ళాను. కారు బానెట్టు మీద పాత పేపరు పరిచి, దాని మీద పెన్ను, కళ్ళజోడు, రుమాలు, పళ్ళు వరసగా పెట్టాడు. పెద్దబ్బాయి వచ్చి చూసి, గుమ్మం అవతలే ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. మూడేళ్ళుగా ఆయన షెడ్డులోకి రాకపోవడానికి ఏదో దాచిపెట్టడం కారణం కాదు. భయం, అంతే. తండ్రి చేయి చూపించిన వైపు వెతకలేదన్న భయం.

ఆయమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మూడేళ్ళలో మొదటిసారి. పళ్ళ వైపు ఒకసారి చూసింది. తరవాత పెద్దబ్బాయి ముందుకి వెళ్ళి చెయ్యి చాచింది.

"పళ్ళు వచ్చాయి బాబూ. తాళం ఇవ్వండి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. క్షమించమని అనలేదు.

తరవాత పేపరు మీద ఉన్నవి సర్దుకోబోయాడు. కూతురు అడ్డం వచ్చింది. "ఎక్కడికి అన్నయ్యా?"

"నాన్న జ్ఞాపకం."

"జ్ఞాపకమా, బంగారమా? జ్ఞాపకమైతే కళ్ళజోడు తీసుకో."

ఆయమ్మ మెల్లగా అంది. "ఆయన వస్తువు ఆయనకి చేర్చండి బాబూ. ఆయన్ని సమాధి చేసిన చోటే, పక్కన మట్టి తీసి పెట్టేయండి. నోరు బోసిగా ఉంటే ఎవరి ముందుకీ వచ్చేవారు కాదు, మీకు తెలుసుగా."

"చూద్దాం" అన్నాడు పెద్దబ్బాయి. రుమాలు వదిలేసి, పళ్ళు మాత్రం జేబులో వేసుకున్నాడు.

మేస్త్రి జేబు నోటికి ఆఖరి షీటు అంటించి, రోలరుతో నొక్కి, కణుపుతో కొట్టాడు. దబ్.

ఇదీ జరిగింది. చాలాకాలం నేను ఈ కథ చెప్పినప్పుడల్లా అనునాదం దగ్గర ఆగి, వినేవాళ్ళ మొహాలు చూసి, మీసం తిప్పేవాణ్ణి. రైలు వచ్చింది, నేల అదిరింది, పళ్ళు కొట్టుకున్నాయి. దెయ్యం లేదు, ఫిజిక్సు ఉంది. మేస్త్రి కొడితే జవాబొచ్చిందంటావా? ఆ దెబ్బకే కదిలాయి.

ఇది రాయడానికి కూర్చుని, తేదీ సరిచూద్దామని మొన్న డైరీ తీశాను. బుధవారం, పద్నాలుగు. బావమరిది రాలేదు. కింద గీత.

ముందురోజు రాత్రి నుంచి రైళ్ళు లేవు. శుక్రవారం దాకా లేవు. గూడ్సు కూడా.

మేస్త్రికి ఇంకా చెప్పలేదు. వేలి మీద రెండు నొక్కులు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన వాటిని చూపించి నవ్వుతాడు. నవ్వనీ.

అన్నట్టు, ఆ ఏడాది చివర్లో పెద్దబ్బాయి మేస్త్రి దుకాణానికి వచ్చాడట. ఆయన కాపురం ఉండే ఇల్లు ఊరికి అటు చివర, రైలు కట్టకి మూడు మైళ్ళు. కళ్ళ కింద నల్లటి చారలు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడట.

"ఆ షీట్లున్నాయే మేస్త్రీ... ఇనప బీరువాకి లోపల కూడా అంటిస్తారా?"

"అంటిస్తాం బాబూ. ఎందుకూ?"

"ఊరికే."

మేస్త్రి అంటించి వచ్చాడు. నెల తిరక్కుండా ఇంకో వరస వెయ్యమని మళ్ళీ పిలుపు.

ఎవరికేం వచ్చిందో చెప్పి ముగిస్తాను. ఇల్లూ అచ్చాఫీసూ పెద్దబ్బాయికి. తుప్పు లేని, చప్పుడు లేని డిక్కీతో కారు కూతురికి. షెడ్డూ గదీ ఆయమ్మకి. కిటికీకి కొత్త అద్దం వేయించింది, పాలవాడు ఇప్పుడు బెల్లు కొట్టడు. కళ్ళజోడూ పెన్నూ కూడా ఆమె దగ్గరే ఉన్నాయి, ఎవరూ అడగలేదు. రెండు నొక్కులు మేస్త్రికి. నా పడక్కుర్చీ, పది రోజులు ఆలస్యంగా వచ్చిన మా బావమరిదికి.

పళ్ళు పెద్దబ్బాయి బీరువాలో ఉన్నాయి. పెద్దాయనకి మాత్రం ఏమీ దక్కలేదు.